ఆరలేదు గారు

మా మరిది లెక్కలో ఈ భూమ్మీద ఇంతవరకు ఏ నేలా ఆరలేదు.

మేం చేసేది నేలల పని. పాత గచ్చును మెషిన్‌తో అరగదీసి, దుమ్మంతా లాగేసి, దాని మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోస్తాం. మేం పోసే రకానికి రంగుండదు, అద్దంలా ఉంటుంది. కింద సిమెంటు ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది, కాకపోతే అప్పుడే స్నానం చేసొచ్చిన మనిషిలా కొంచెం తేటగా కనిపిస్తుంది. అరగదీసేది మా ఆయన. రెండు డబ్బాల్లో సరుకు కొలిచి కలిపేది నేను. దాన్ని పోసి, పరిచి, బుడగలు పోగొట్టేది మా ఆయన తమ్ముడు, అంటే మా మరిది. ఇవాళ పోస్తే రేపు ఇదే వేళకి నడవొచ్చని డబ్బా మీదే రాసి ఉంటుంది. అది నేను చదివాను, మా ఆయన చదివాడు, పని చేయించుకున్న ప్రతివాళ్లూ కళ్లజోడు పెట్టుకుని మరీ చదివారు. మా మరిది కూడా చదివాడు. చదివి, ఒప్పుకోలేదు.

పోసిన మర్నాడు అతను తనిఖీకి వెళ్తాడు. గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటాడు. కుడిచేతి బొటనవేలు నేలకి ఆనించి నొక్కుతాడు. కళ్లు మూసుకుంటాడు. వేలు పైకి తీసి, వెలుతురుకేసి తిప్పి చూసుకుంటాడు. తర్వాత ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా నెమ్మదిగా తలెత్తి, చుట్టూ ఉన్నవాళ్లని జాలిగా చూసి అంటాడు:

"ఆరలేదండీ."

అందుకని అతని అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. "ఆరలేదు గారొచ్చారా?" అనే అడుగుతారు. మా ఇంటికొచ్చే ఉత్తరాల మీద కూడా ఒకసారి అదే పేరుంది. పోస్ట్‌మాన్ తిన్నగా తెచ్చి ఇచ్చాడు.

అలాగని బద్ధకస్తుడేమీ కాదు. పోసేటప్పుడు చూడాలి అతన్ని. రెండు డబ్బాలూ కలిపిన దగ్గర్నుంచి మాకు అరగంటే టైము. అది దాటితే సరుకు బకెట్టులోనే వేడెక్కి, పొగలు కక్కి, బకెట్టుతో సహా బండరాయి అయిపోతుంది. అలాంటి బండలు మా పెరట్లో పదకొండున్నాయి. ఒకదాని మీద కూర్చుని మా ఆయన పేపరు చదువుతాడు. ఆ అరగంటలో మా మరిది మేకుల బూట్లు వేసుకుని, తడి నేల మీద కొంగలా అడుగులు వేస్తూ, ఒక చేత్తో పరుస్తూ, రెండో చేత్తో ముళ్ల రోలరు దొర్లిస్తూ, "వదినా, బకెట్టు! వదినా, ఇంకో బకెట్టు!" అని నా ప్రాణం తీస్తాడు. అంత హడావిడిగా పోసిన మనిషి మర్నాడు అంత తీరిగ్గా ఎలా కూర్చుంటాడో నాకు పదకొండేళ్లయినా అర్థం కాలేదు.

ఇద్దరు ముసలి మంగళ్లు పనిచేసే ఒక సెలూన్‌లో నేల పోశాం, దాని ఓనరుకీ అర్థం కాలేదు. మర్నాడు బూట్లతో వచ్చి నేల మీద టకటకా నాలుగు దెబ్బలు వేశాడు.

"వినపడుతోందా? రాయి! ఇది రాయి చప్పుడు!"

"పైన ఆరిందండీ," అన్నాడు మా మరిది. "లోపల ఆరలేదు."

"లోపలంటే ఎంత లోపల?"

"అది చెప్పలేమండీ."

"మొత్తం మందమే రెండు మిల్లీమీటర్లు కదయ్యా!"

"ఆ రెండింట్లో రెండోది ఆరలేదండీ."

మూడు రోజులు షట్టరు వేసే ఉంది. నాలుగో రోజు ఆ వీధిలో మగాళ్లందరికీ జుట్టు చెవుల మీదికి దిగిపోయి, ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది.

ఇక్కడ మీరు గమనించాల్సిందేమిటంటే, ఎవరికి కోపమొచ్చినా అతన్ని ఏమీ అనరు. ఆ మొహం చూస్తే అనబుద్ధి కాదు. అందుకని నాకు ఫోన్ చేస్తారు. మా మరిది ఫోను వాడడు, చేతులకి జిగురుందంటాడు. మా ఆయన ఎత్తడు. మెషిన్ హోరుకి చెవులు పాడవకుండా ఆయన తొడుగులు పెట్టుకుంటాడు. పెట్టుకోవడం గుర్తుంటుంది, తియ్యడం గుర్తుండదు. పెళ్లయిన కొత్తలో నేను చెప్పిన మాటలు కొన్ని ఇప్పటికీ ఆయనకి చేరలేదు. కాబట్టి తిట్లన్నీ నావే. పొద్దున ఎసరు పెడుతుంటే ఒక తిట్టు, బట్టలారేస్తుంటే ఒక తిట్టు, కళ్లు మూతలు పడుతుంటే ఒక తిట్టు.

నేనేం చెప్పను? ఎండలు మండిపోతుంటే "గాలిలో తేమ ఎక్కువగా ఉందండీ" అన్నాను. వాన పడుతుంటే "ఎండ వేడికి మెత్తబడిందండీ" అన్నాను. ఒకసారి ఏమీ తోచక "మీ నేల రకం వేరండీ" అన్నాను. అవతలాయన కొంచెం గర్వంగా "అవునా?" అని ఫోన్ పెట్టేశాడు. అబద్ధాలాడటం కూడా ఒక చాకిరీయే. సాయంత్రానికి ఒళ్లు పులిసిపోతుంది.

ఒక ఇంట్లో వంటింటికి పోశాం. తొమ్మిది మంది ఉన్న ఇల్లు. మా మరిది బొటనవేలు నొక్కి "అయిదు రోజులు" అన్నాడు. నాలుగో రోజు పెద్దకొడుకు ఫోన్ చేశాడు.

"ఏమండీ, అది వంటిల్లా, చెరువా? బయటి తిండి తిని తిని ఇంటిల్లిపాదికీ కడుపులు పాడైపోయాయి. మా అమ్మకైతే పొయ్యి దగ్గర నిలబడకపోతే తోచడం లేదు పాపం. పిచ్చెక్కినట్టుంది ఆవిడకి."

వెనకాలనుంచి ఒక ముసలావిడ గొంతు చాలా ప్రశాంతంగా వినపడింది. "తొందరేం లేదురా. ఆరనీ."

నేను పట్టించుకోలేదు. పట్టించుకునే ఓపిక లేదు.

అట్టపెట్టెల గోడౌను సంగతి ఇంకా విచిత్రం. అదే సరుకు, అదే కొలత, అదే వాతావరణం. మర్నాడు మా మరిది వేలు పెట్టాడు, తీశాడు, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఆరింది వదినా."

నాకు చెవులు సరిగ్గా పని చేస్తున్నాయో లేదో అనుమానం వచ్చింది. "ఏమన్నావ్?"

"ఆరింది. రాయిలా ఉంది."

"లోపల?"

"లోపల కూడా."

"ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"నాకేం? బాగానే ఉంది. పెట్టెలు పెట్టుకోమని చెప్పు."

నేను అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. జ్వరం లేదు. పెట్టెలకి లేని జబ్బు మనుషులుండే చోటే ఎందుకొస్తుందో నేను అప్పుడైనా ఆలోచించాల్సింది. బుర్ర లేక కాదు, అలిసిపోయిన మనిషి బుర్ర ఎంతవరకు పని చేస్తుందో అంతవరకే చేసింది.

ఇక నా భుజం సంగతి చెప్పాలి. సరుకు కలిపేది చేత్తో కాదు, డ్రిల్లుకి తగిలించిన తెడ్డుతో. నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే గాలి బుడగలొస్తాయి. నెమ్మదిగా తిప్పాలంటే ఆ డ్రిల్లు బరువంతా భుజం మొయ్యాలి. పదకొండేళ్లు మోసింది. ఈ మధ్య డాక్టరు దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "ఇంకో ఏడాది ఇలాగే చేస్తే, తర్వాత జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదమ్మా," అన్నాడు. కలపడానికి వేరే మనిషిని పెట్టుకోమన్నాడు. మనిషిని పెట్టుకోవాలంటే ఏడాది పొడవునా పని ఉండాలి. మాకొచ్చేవేమో ఇవాళ సెలూన్, వచ్చే నెల వంటిల్లు.

సరిగ్గా అప్పుడే లాండ్రీ వాళ్ల పని వచ్చింది. ఏడు బ్రాంచీలున్న లాండ్రీ. ముందు ఒక బ్రాంచిలో ఇస్త్రీ హాలు నేల చేసి చూపించమన్నారు. నచ్చితే మిగతా ఆరూ మావే. అంటే ఏడాది పని. అంటే కలపడానికి ఒక మనిషి. అంటే నా భుజం నాకు మిగులుతుంది. ఆ మాట విన్న రోజు నేను ఎడమచేత్తో వంట చేశాను, కుడిచేతికి ముందుగానే సెలవిచ్చినట్టు.

ఆ బ్రాంచి మేనేజరు ఖచ్చితమైన మనిషి. చొక్కా మడత నలగదు, మాట్లాడుతూనే వాచీ చూసుకుంటాడు. కళ్లు మాత్రం ఎర్రగా జీవం లేకుండా ఉంటాయి.

"శనివారం మధ్యాహ్నం పొయ్యండి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి నా బల్లలు లోపల ఉండాలి. ఆరలేదనే మాట నాకు వినపడకూడదు. మీ గురించి విన్నాను."

మేం ముగ్గురం తలూపాం. మా ఆయన ఎందుకు ఊపాడో తెలియదు, తొడుగులు పెట్టుకునే ఉన్నాడు.

బయటికి రాగానే మా మరిదిని వ్యాన్ పక్కకి లాగాను.

"ఒట్టు వెయ్యి."

"దేనికి వదినా?"

"సోమవారం ఆరిందని చెప్తానని. నా భుజం మీద ఒట్టు వెయ్యి."

"ఏ భుజం?"

"నొప్పి ఉన్నదే."

పాపం, మెల్లగా చెయ్యి వేశాడు, నొప్పి పుట్టకుండా. "ఒట్టు వదినా. సోమవారం ఆరిందంటాను," అన్నాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను గనక నిశ్చింతగా ఉన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

శుక్రవారం హాలు ఖాళీ చేశారు. పదకొండు ఇస్త్రీ బల్లలు బయట పెట్టాక నేల బయటపడింది. ఒక్కో బల్ల ముందు రెండేసి గుంటలు. లోతేమీ కాదు, చెయ్యి పెడితే తెలిసేంత. పదకొండు బల్లల దగ్గర పదకొండు మంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి నిలబడి ఇస్త్రీ చేస్తే గచ్చు అలా అరిగింది. మా ఆయన మెషిన్ తెచ్చి, "అంతా లెవెల్ చేసేస్తా," అన్నాడు. మా మరిది ఆ గుంటల పక్కన చాలాసేపు పాకుతూ తిరిగాడు. నేను బకెట్లు కడుక్కుంటూ అతని వైపు చూడటం మానేశాను. సామాన్లు తీసుకెళ్లడానికొచ్చిన ఇస్త్రీ ఆవిడతో ఏదో మాట్లాడుతున్నట్టు మాత్రం కనిపించింది.

శనివారం పోశాం. పదకొండేళ్లలో మేం పోసిన నేలల్లో అంత బాగా వచ్చింది మరోటి లేదు. ఒక్క బుడగ లేదు, ఒక్క వెంట్రుక లేదు. నా భుజం నిప్పులు కక్కింది గానీ, ఇవే ఆఖరి బకెట్లని దానికి నచ్చజెప్పుకున్నాను.

సోమవారం పొద్దున ఏడున్నరకి మా మరిది మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేనేజరు వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. బొటనవేలు కిందికి వెళ్లింది. కళ్లు మూతపడ్డాయి. వేలు పైకొచ్చింది. వెలుతురులో అటూ ఇటూ తిరిగింది.

"ఆరలేదండీ," అన్నాడు మా మరిది. "గురువారం చూద్దాం."

నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆరిన నేలే.

మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది. నా వైపు తిరిగి చాలా మర్యాదగా చెప్పాడు. "నేను మధ్యాహ్నం రెండింటికి వస్తానమ్మా. అప్పుడు మీరు చూసి చెప్పండి, ఈయన కాదు. మీరు ఆరిందంటే మిగతా ఆరు బ్రాంచీలూ మీవి. ఆరలేదంటే రేపే వేరే వాళ్లని పిలుస్తాను." ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు.

వ్యాన్ దగ్గర మా ఇద్దరికీ పెద్ద గొడవైంది.

"ఒట్టు వేశావు కదా?"

"వేశాను."

"నా భుజం మీద!"

"నాకూ బాధగానే ఉంది వదినా."

"నీకు బాధేమిటి? బాధ నాది! నేల రాయిలా ఉందా లేదా? నిజం చెప్పు!"

"ఉంది."

"మరి?"

"మూడు రోజులు పడుతుంది వదినా."

"దేనికి?"

మేకుల బూట్ల కేసి చూస్తూ నిలబడ్డాడు. "సరే, రెండింటికి నువ్వెళ్లి ఆరిందని చెప్పు. నేనేమీ అనుకోను," అన్నాడు. "నువ్వేమీ అనుకోనక్కర్లేదు!" అని తలుపు వేసేశాను. మా ఆయన ముందు సీట్లోంచి "ఏమైంది?" అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పినా అదీ పెళ్లినాటి మాటల్లో కలిసిపోయేది.

రెండింటికి ఇంకా టైముండగానే నేనొక్కదాన్నే లాండ్రీకి వెళ్లాను. ఆరిందని చెప్పడానికే వెళ్లాను, ఆ సంగతి దాచను. దారంతా అదే మాట నాలుగు రకాలుగా అనుకుంటూ వెళ్లాను.

హాలు పక్కన మెట్లున్నాయి. ఆ మెట్ల మీద పదకొండు మంది ఇస్త్రీ ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. రెండింటికి ఏ సంగతో తేలుతుంది గనక అక్కడే ఉండమన్నాడట మేనేజరు. చెప్పులు విప్పేసి కాళ్లు బారజాపుకున్నారు. ఒకావిడ పక్కావిడ భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఇంకొకావిడ చీలమండలు పట్టీలు కట్టుకున్నట్టు వాచి ఉన్నాయి. కబుర్లు లేవు, నవ్వులు లేవు. అందరూ ఊరికే కూర్చున్నారు. ఊరికే కూర్చోవడమే ఒక పనిలా, శ్రద్ధగా.

వాళ్లలో పెద్దావిడ నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది.

"మీరు ఆరలేదు గారి మనుషులా అమ్మా?"

"వదిననండీ."

"ఆయనకి ఏమైనా బాగుండదా?"

"ఏం? ఏం చేశాడు?"

"చెయ్యడానికేం లేదు గానీ, శుక్రవారం వచ్చి బూట్లు విప్పేసి నా బల్ల ఉండే చోట ఆ గుంటల్లో నిలబడ్డాడు. పావుగంట నిలబడ్డాడమ్మా! నేను సంచీ సర్దుకుంటూ చూస్తున్నాను. తర్వాత, 'ఇక్కడ ఎన్నేళ్లండీ?' అన్నాడు. పద్దెనిమిది అన్నాను. 'కూర్చునేది ఎప్పుడు?' అన్నాడు. ఇంటికెళ్లి వంటయ్యాక అన్నాను. 'సెలవు పెట్టరా?' అన్నాడు. పెడితే జీతం కోస్తారు బాబూ, వాళ్లంతట వాళ్లు మూస్తే మాత్రం కొయ్యరు అన్నాను. అంతా విని, కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని, 'మూడు రోజులు సరిపోతాయా అమ్మా?' అన్నాడు. ఏ మూడు రోజులో నాకర్థం కాలేదు. ఊరుకోబెట్టడానికి చాలన్నాను."

నేను ఆవిడ ఇచ్చిన చోట కూర్చున్నాను.

సెలూన్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఇద్దరు ముసలి మంగళ్లు గుర్తొచ్చారు. "తొందరేం లేదురా" అన్న ఆ వంటింటి ముసలావిడ గొంతు గుర్తొచ్చింది. అట్టపెట్టెలకి కాళ్లుండవు గనకనే గోడౌను ఒక్క రోజులో ఆరింది. ఈ మనిషి పదకొండేళ్లుగా బొటనవేలుతో జనానికి సెలవులు రాసిస్తున్నాడు. ఆ సెలవులకి సంజాయిషీ చెప్పే గుమాస్తాని నేను.

ముందు నాకు ముచ్చటేయలేదు, నిజం చెప్పాలంటే. మండుకొచ్చింది. ఊళ్లో అందరి కాళ్లూ కనిపించాయి, రోజూ పక్కనే ఉన్న నా భుజం కనిపించలేదా? ఈ పదకొండు మందికి మూడు రోజులిచ్చి, నా ఏడాది తీసేసుకుంటాడా? ఏడుపొచ్చింది. పక్కన పెద్దావిడ ఏమీ అడగకుండా తన మంచినీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది.

రెండింటికి మేనేజరు వచ్చాడు. మెట్ల మీద వాళ్లు గబగబా చెప్పులు వెతుక్కున్నారు. నిద్రపోతున్నావిడని పక్కావిడ లేపింది. అంత నిద్రలోంచి లేచి ఆవిడ అడిగిన మొదటి మాట, "ఆరిందా?" ఆ గొంతులో భయం ఉంది. ఆరిందేమోనని భయం.

"చూడండమ్మా," అన్నాడు మేనేజరు.

గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. కుడి భుజం లేవనంది, ఎడమచెయ్యి బొటనవేలు పెట్టాను. నొక్కాను. రాయి. అంత గట్టి నేలని నేను నా జన్మలో ముట్టుకోలేదు. దాని మీద ఏనుగుని నిలబెట్టొచ్చు. వేలు పైకి తీశాను. ఎందుకో తెలియదు, వెలుతురులో తిప్పి చూశాను.

"ఆరలేదండీ," అన్నాను.

"మీరు కూడానా?"

"పైన ఆరింది. లోపల..."

"నాకు తెలుసు, రెండోది!" అన్నాడు మేనేజరు. వాచీ చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. తర్వాత గాలి తీసేసినట్టు ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. మడత నలగని ఆ చొక్కా మొదటిసారి నలిగింది.

"ఇప్పుడు పై వాళ్లకి నేనేం చెప్పాలి?"

"ఆరలేదని చెప్పండి."

"గురువారం దాకా నేనేం చెయ్యాలి?"

"ఇంటికెళ్లండి."

"సోమవారం నాడా?" అన్నాడు, నేనేదో తప్పుడు పని చెయ్యమన్నట్టు.

ఎలాగో లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "మిగతా బ్రాంచీల మాట మర్చిపోండమ్మా," అన్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి సంచీలు తీసుకున్నారు. పెద్దావిడ నా మొహంలోకి చూసింది. అంతా అర్థమైందనుకుంటా. "మీకు నష్టమా అమ్మా?" అంది. "అబ్బే, ఏం లేదు, నేల ఆరాలి కదా," అన్నాను. నా అబద్ధాల్లోకెల్లా తేలిగ్గా వచ్చింది అదే.

ఇంటికొచ్చేసరికి పెరట్లోంచి పొగ వస్తోంది. పరుగెత్తాను. మా మరిది మసి కొట్టుకున్న మొహంతో నిలబడి ఉన్నాడు. అతని ముందు పన్నెండో బండ. ఆ బండ మధ్యలోంచి మా డ్రిల్లు జెండా కర్రలా నిటారుగా పైకి లేచి ఉంది.

"ఇదేమిటి?"

"నేనే కలిపి నేనే పోద్దామని, వదినా."

"ఏమిటీ?"

"పని ఎలాగూ పోతుందని తెలుసు. మనిషిని పెట్టుకోలేం. అందుకని ఇక మీదట నువ్వు కలపకుండా, ఒక చేత్తో నేనే కలిపేసి, పరిగెత్తుకెళ్లి పోసేద్దామని ప్రాక్టీసు చేశాను. బకెట్టు దగ్గర్నుంచి గోడ దాకా అటూ ఇటూ పరిగెత్తి చూస్తుంటే అరగంట దాటిపోయి గట్టిపడింది."

"డ్రిల్లు?"

"అదీ గట్టిపడింది."

నాకు నవ్వొచ్చింది. భుజం నొప్పి పుట్టేంత నవ్వొచ్చింది. నవ్వుతూనే అతన్ని తిట్టాను, పదకొండేళ్ల తిట్లూ ఒక్కసారే. "నా భుజం నీకు కనిపించలేదా?" అని అడిగాను. "కనిపించింది వదినా. కానీ నువ్వు నేలవి కాదు కదా, నీ దగ్గర వేలు పెట్టి ఎలా చెప్పాలో తెలియలేదు," అన్నాడు తల దించుకుని. మా ఆయన పొగకి బయటికొచ్చి, బండ కేసి, డ్రిల్లు కేసి, మా ఇద్దరి కేసి చూసి, మొదటిసారి చెవుల తొడుగులు తీసి, "ఏమైంది?" అన్నాడు. ఈసారి అంతా చెప్పాను. అంతా విన్నాడు కూడా. డ్రిల్లు లేదు గనక ఆ మూడు రోజులూ మేమూ పని మానేశాం. నేను రెండు మధ్యాహ్నాలు నిద్రపోయాను. మధ్యాహ్నం నిద్ర ఎలా ఉంటుందో మర్చిపోయి చాలా కాలమైంది.

గురువారం మా మరిది వెళ్లి వేలు పెట్టి, "ఆరింది," అన్నాడు. బల్లలు లోపలికెళ్లాయి. పదకొండు గంటలకి నా ఫోను మోగింది. మేనేజరు. తిట్లకి సిద్ధపడి ఎత్తాను. గొంతు వింటే ఆయనది కాదేమో అనిపించింది, అంత మెత్తగా ఉంది.

"రెండో బ్రాంచికి ఎప్పుడొస్తారమ్మా?"

"మాకివ్వనన్నారు కదండీ?"

"అన్నాను. అప్పుడు నిద్ర లేదు. మూడు రోజులు పడుకున్నానమ్మా. మా పిల్ల నన్ను చూసి, ఎవరో చుట్టాలొచ్చారనుకుంది. ఇవాళ హాల్లోకి వెళ్తే మావాళ్లెవరూ కాళ్లు మార్చి మార్చి నిలబడటం లేదు. పదకొండు స్టూళ్లకి కబురు పెట్టాను. అది సరే గానీ..."

"చెప్పండి."

గొంతు ఇంకా తగ్గించాడు. "రెండో బ్రాంచి మేనేజరు మా అక్క. నాకంటే ఆరేళ్లు ముందు నుంచీ చేస్తోంది. సెలవు పెట్టవే అంటే నన్ను కొట్టడానికొస్తుంది. అక్కడ ఎన్ని రోజులు ఆరదంటారు?"

ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి మా మరిదిని అడిగాను. అతను మోకాళ్ల తొడుగులు సర్దుకుంటూ నొచ్చుకున్నట్టు చూశాడు.

"చూడకుండా ఎలా చెప్తాం వదినా? ఇదేమైనా నోటికొచ్చింది చెప్పే పనా?"

"రేపు చూడ్డానికొస్తామండీ," అన్నాను ఫోనులో. మా ఆయన అప్పటికే కలపడానికి మనిషి కోసం చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లాడు.

"రండమ్మా. వచ్చినప్పుడు ఆయన్ని హాలంతా తిరగొద్దని చెప్పండి," అన్నాడు మేనేజరు. "అక్క పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడేది కౌంటరు వెనకాల, ఎడం పక్క. అక్కడ వేలు పెట్టమనండి, చాలు."

కాగితం మీద "కౌంటరు వెనకాల, ఎడం పక్క" అని రాసుకున్నాను. మా మరిది నా భుజం మీదుగా వంగి అది చదివాడు.

"ఎడం పక్కే? ఎప్పుడూ ఒకే పక్కా?" అన్నాడు. కాసేపు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. "అయితే అయిదు రోజులకి తక్కువ ఆరదు వదినా."